అభ్యంతరం లేని ప్లేయర్

హైమవతి చేసిన తప్పల్లా ఫైల్లో ఉన్నదున్నట్టు రాయడమే.

రాష్ట్ర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మండలిలో ఆవిడ ప్యాకేజీ ఇంజినీరు. ప్రపంచంలో ఎక్కడో ఎవరో పుణ్యాత్ములు సాఫ్ట్‌వేర్ రాసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలేస్తారు. దాన్ని తెచ్చి, దానికి కావలసిన సరంజామా అంతా జతచేసి, ప్రభుత్వ కంప్యూటర్లలో ఒక్క నొక్కుతో దిగిపోయేలా మూట కట్టడం ఆవిడ పని. వాళ్ళమ్మ ఇరుగుపొరుగు వాళ్ళతో మా అమ్మాయి ప్యాకింగ్ సెక్షన్లో పని చేస్తుందని చెప్పుకునేది. మొదట్లో హైమవతి దిద్దేది. మండలిలో ఏడేళ్ళు గడిచాక ఆ మాటే సబబుగా ఉందనిపించి ఊరుకుంది.

రాష్ట్రంలో చూపులేని పిల్లల గురుకులాలు పన్నెండు ఉన్నాయి. పిల్లలకు పాఠాలు చదివి వినిపించడానికి బడికొక రీడరు ఉండేవాడు. బ్రెయిలీ పుస్తకాలు రెండేళ్ళుగా అచ్చవుతూనే ఉన్నాయి కనుక చదువంతా ఆ రీడర్ల నోటి మీదే నడిచేది. కంప్యూటర్లొచ్చాక ఇంకా మనిషి చదవడమేమిటని పైవాళ్ళకు తోచింది. పాఠాలు రికార్డు చేసి, బళ్ళలో కంప్యూటర్లు పెట్టి, వాటిలో ఒక ప్లేయర్ ఎక్కిస్తే పిల్లలు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వింటారు. ఆలోచన బాగానే ఉంది. జూన్‌లో ప్లేయర్ తయారుచేయమని మండలికి ఉత్తర్వు వచ్చింది. ప్లేయర్ వస్తోంది కనుక పన్నెండు రీడరు పోస్టులూ రద్దు చేస్తున్నామని అదే రోజు ఇంకో ఉత్తర్వు వచ్చింది. రెండో ఉత్తర్వు సాయంత్రానికల్లా అమలైపోయింది. మొదటి దాని సంగతే ఈ కథ.

ప్లేయర్ మూట కట్టడానికి హైమవతికి ఒక మధ్యాహ్నం పట్టింది. దానికి పేరు పెట్టడానికి కమిటీకి మూడు నెలలు పట్టింది. చివరికి "శ్రవణామృతం" అని ఖాయం చేశారు. అప్పుడు హైమవతి ఫైలు పైకి పంపుతూ, మూల ప్లేయర్ సిద్ధమనీ, రకరకాల ఫార్మాట్లను వినిపించే భాగాలు ఐచ్ఛికం కనుక వాటిని విడిగా జతచేశాననీ, ఆమోదించవలసిందనీ నోట్ రాసింది. ఫార్మాటంటే బ్రహ్మవిద్యేమీ కాదు, శబ్దాన్ని కంప్యూటర్లో దాచే పద్ధతి. ఏ పద్ధతిలో దాచారో దాన్ని విప్పే భాగం ఉంటేనే ప్లేయర్ మోగుతుంది. ఎవరికి కావలసినవి వాళ్ళు పెట్టుకుంటారని ఆ భాగాలను ఐచ్ఛికమనడం ఈ వృత్తిలో అందరికీ అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది.

ఫైలు మొదట సూపరింటెండెంటు ఆదిశేషయ్య దగ్గరకు వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఏ ఫైలునూ మొదటిసారికే ముందుకు పంపిన పాపం ఎరగని మనిషి ఆయన. హైమవతిని పిలిపించి, ఐచ్ఛికం అన్నావు కదమ్మా, మరి కావాలని కోరుకున్నది ఎవరు అని అడిగాడు. పిల్లలండీ అంది. పిల్లల దరఖాస్తులు ఫైల్లో ఉన్నాయా అన్నాడు. చూపులేని పిల్లలు, వినబడక ముందే ఏ ఫార్మాటు కావాలో ఎలా కోరతారండీ అంది. అదీ నిజమేనని ఒప్పుకుని, ఇందులో న్యాయపరమైన చిక్కు ఉన్నట్టుందని ఫైలును న్యాయ సలహాదారు విశ్వపతిగారికి మార్చాడు.

విశ్వపతిగారికి ప్రపంచంలో రెండే రకాల వస్తువులు కనబడతాయి. ఎన్‌ఓసీ ఉన్నవి, లేనివి. ఇల్లు కట్టాలన్నా, బోరు వేయాలన్నా, పెళ్ళి ఊరేగింపు తీయాలన్నా ఎవరో ఒకరు మాకు అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి కదా, శబ్దానికి మాత్రం మినహాయింపు ఎందుకుండాలని ఆయన వాదన. ఫైలు మీద ఆకుపచ్చ సిరాతో ఇలా రాశారు: "ఫార్మాటు కూడా ఒక వస్తువే. ప్రతి వస్తువుకూ యజమాని ఉండును. సదరు యజమాని నుండి నిరభ్యంతర పత్రము పొందనిదే ప్రభుత్వ కంప్యూటరునందు ఏదియు మోగరాదు."

అక్కడి నుంచి హైమవతి నాలుగు నెలలు కాళ్ళరిగేలా తిరిగింది.

మొదటి ఫార్మాటు మీద విదేశీ కంపెనీలు ఇరవై మూడింటికి హక్కులున్నాయి. అందరికీ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు వెళ్ళాయి. ఇరవై రెండు మంది పలకలేదు. ఇరవై మూడోవాడు మర్యాదగా, మీకు కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయని అడిగాడు. ఆ ప్రశ్న చదివి విశ్వపతిగారికి చెమటలు పట్టాయి. ఎన్ని ఉన్నాయని అడిగాడంటే లెక్కపెట్టే ఉద్దేశంలో ఉన్నాడని, ఆ ఫార్మాటును ఆ పూటే జాబితాలోంచి కొట్టేశారు.

రెండోది పాత ఫార్మాటు. దాని మీద హక్కులు ఎప్పుడో గడువు తీరిపోయాయి. హైమవతి ఉత్సాహంగా వెళ్ళి ఆ ముక్క చెప్పింది. విశ్వపతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, తీరిపోయిందంటే కాలం చేసిందనే కదా అర్థం, మరణ ధ్రువపత్రం పెట్టండి, దానితోపాటు వారసుల ధ్రువపత్రం కూడా పెట్టండి, రేపు ఏ మనవడో వచ్చి తాతగారి ఫార్మాటు ఎవరు వాడుకోమన్నారని అడిగితే మండలి పరువేం కావాలి అన్నారు.

మూడోది అసలైన స్వేచ్ఛా ఫార్మాటు. దాన్ని తయారుచేసినవాళ్ళే ఇది ఎవరి సొత్తూ కాదు, లోకానిదని రాసి పెట్టారు. మండలి పేరులోనే స్వేచ్ఛ ఉంది కనుక ఇదైనా గట్టెక్కుతుందనుకుంది హైమవతి. తీరా చూస్తే అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. యజమాని లేకపోతే ఎన్‌ఓసీ ఇచ్చేదెవరు? యజమాని లేని ఆస్తి రెవెన్యూ శాఖ కిందికి వస్తుందని ఫైలు తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళింది. సర్వే నంబరూ, నాలుగు వైపులా హద్దులూ రాసి పంపమని అక్కడి నుంచి జవాబు వచ్చింది. హైమవతి ఒక రోజంతా ఆలోచించి, ఉత్తరాన తెర, దక్షిణాన కీబోర్డు, తూర్పున స్పీకరు, పడమర గోడ అని రాసింది. పడమటి హద్దు విషయంలో గోడ ఎవరిదని వాళ్ళు మళ్ళీ అడిగారు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నాయి.

డిసెంబరులో ఒకరోజు బొబ్బిలి దగ్గర గురుకులం నుంచి ఎస్తేరు రాణి టీచరు మండలికి వచ్చింది. యాభై దాటిన మనిషి, మెడకు మఫ్లరు చుట్టుకుని ఉంది. మాట గుసగుసలా తప్ప రాదు. రీడరు వెళ్ళిపోయాక ఆవిడే పదో తరగతి పాఠాలన్నీ సెలవు రోజుల్లో గదిలో కూర్చుని ఫోన్లో రికార్డు చేసిందట, ప్రశ్నలూ జవాబులతో సహా. బడిలో పిల్లల దగ్గర ఫోను మోగించకూడదని నిబంధన ఉంది కనుక, పన్నెండు బళ్ళకూ అవే ప్లేయర్లో పంపుదామనుకున్నారు. రోజంతా తరగతులు చెప్పి, మిగిలిన వేళ రికార్డు చేసి, నవంబరుకల్లా గొంతుకు ఆపరేషన్ దాకా వచ్చింది. ఆర్నెల్లు గట్టిగా మాట్లాడొద్దన్నారు డాక్టరుగారు.

"నా గొంతు ఇంక పన్జెయ్యదమ్మా," అంది హైమవతికి దగ్గరగా వంగి. "ఉన్న గొంతంతా ఆ రికార్డుల్లోనే ఉండిపోయింది. ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలు. మార్చి పద్ధెనిమిదిన పరీక్షలు. నీ ప్లేయరేమో ఎప్పుడొస్తాదో నాకు తెలీదు."

హైమవతికి సిగ్గేసింది. తన పని తాను ఒక్క మధ్యాహ్నంలో చేసేసినా సరే, సిగ్గేసింది. ఆవిడను వెంటబెట్టుకుని తిన్నగా విశ్వపతిగారి గదికి తీసుకెళ్ళింది. విశ్వపతిగారు రాయివంటి మనిషి కారు. టీచరుగారి కథ వింటుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. గొంతుకు యజమాని స్వయంగా వచ్చారు కనుక గొంతుకు ఎన్‌ఓసీ ఇప్పుడే తీసుకుందామని తెల్లకాగితం ఇచ్చారు. టీచరు సంతకం పెట్టింది. మండలి చరిత్రలో అది మొదటి ఎన్‌ఓసీ. దాన్ని భద్రంగా ఫైల్లో కుట్టి, ఇక ఫోను ఆ గొంతును దాచిన ఫార్మాటుకు ఒక్కటీ వస్తే సరిపోతుందన్నారు.

ఆ రికార్డులను ఏ చిక్కూ లేని మామూలు పద్ధతిలోకి మార్చి పెడతానండీ అంది హైమవతి. మార్చాలంటే ముందు విప్పాలి కదా అన్నారు ఆయన. విప్పాలండీ అంది. విప్పడమంటే వినడమేనని, వినడానికి అనుమతి లేదని ఓపికగా బోధపరిచారు. పోనీ దొంగతనంగా ఎక్కించేద్దామన్నా వీల్లేదు. మండలి ముద్ర లేని మూటను బళ్ళలోని కంప్యూటర్లు దగ్గరకు రానివ్వవు. ఆ ముద్ర ఒక పెన్‌డ్రైవులో ఉంది. పెన్‌డ్రైవు లక్క సీలు వేసిన కవరులో, కవరు ఇనప బీరువాలో ఉన్నాయి. బీరువాకు రెండు తాళాలు. ఒకటి డైరెక్టరుగారి దగ్గర, ఒకటి ఆదిశేషయ్య దగ్గర. ఇద్దరూ ఒకేరోజు ఆఫీసుకు రావడం మండలిలో పర్వదినం కింద లెక్క.

ఫిబ్రవరిలో పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా శ్రవణామృతం ఆవిష్కరణ జరిగి తీరాలన్నారు. డైరెక్టరు పరాంకుశంగారు సమావేశం పెట్టి ఫైలంతా తిరగేసి, కాసేపు కళ్ళు మూసుకుని, చిక్కు విడిపోయిన మనిషిలా నవ్వారు.

"మనకు అభ్యంతరాలు దేనివల్ల వస్తున్నాయి? ఫార్మాట్లవల్ల. ఫార్మాట్లు ఎలాంటివి? ఐచ్ఛికం. హైమవతిగారే రాశారు. కాబట్టి శూన్య ఫార్మాట్ విధానాన్ని అవలంబిద్దాం. దేశంలో ఏ ఒక్కరి అభ్యంతరమూ లేని ఏకైక ప్లేయర్ మనదే అవుతుంది."

అప్పుడది ఏమీ వినిపించదు కదండీ అంది హైమవతి. వినిపించడం ప్లేయర్ లక్ష్యమే కానీ నిబంధన కాదని పరాంకుశంగారు చెప్పారు. ఆ వాక్యం ఆయనకే నచ్చి, మినిట్సులో రాసుకోమన్నారు. ఆ మర్నాడు తాళాలున్న ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు, బీరువా తెరిచారు, లక్క పగలగొట్టారు, ముద్ర పడింది.

ఆవిష్కరణ మండలి సమావేశ మందిరంలోనే జరిగింది. కార్యదర్శిగారు ముఖ్య అతిథి. వేదిక మీద పూలదండ వేసిన కంప్యూటరు, పక్కన లబ్ధిదారు కుర్చీ. ఆ కుర్చీలో బొబ్బిలి బడి నుంచి ఎస్తేరు టీచరు తీసుకొచ్చిన పదో తరగతి పిల్ల పైడితల్లి కూర్చుంది. రెండు జడలు, కొత్త యూనిఫారం, ఒళ్ళో చేతులు. ముందురోజు రాత్రంతా రైల్లో వచ్చినా ముఖంలో బడలిక లేదు. రీడరు వెళ్ళిపోయాక ఇన్ని నెలలకు పుస్తకంలో పాఠం వింటానని వచ్చింది.

కార్యదర్శిగారు మీట నొక్కారు. పైడితల్లి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. తెర మీద గీత ఒకటి ఎడమ నుంచి కుడికి కదలసాగింది. జనం చప్పట్లు కొట్టారు. పరాంకుశంగారు మైకు అందుకుని, స్పష్టత గురించీ భద్రత గురించీ మాట్లాడారు. ఒక్క అపస్వరమైనా వినబడిందా అని సభను అడిగారు. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ చప్పట్లు.

పైడితల్లి కదలకుండా కూర్చుంది. తల కొంచెం పక్కకు వంచి, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ, చప్పుడు చేస్తే పాఠం ఎక్కడ తప్పిపోతుందో అన్నట్టు కూర్చుంది. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. వేదిక పక్కన నిలబడ్డ హైమవతి వైపు మెల్లగా చెయ్యి చాపి, తగిలిన చీర కొంగు పట్టుకుని అడిగింది.

"ఇంకా మొదలెట్టనేదేటండి?"

ఇంత మంది పెద్దలు చేరి ఒక పిల్లను మోసం చేస్తుంటే ఆ పిల్ల మర్యాదగా ఎదురుచూస్తోంది. హైమవతి ఇంక ఆలోచించలేదు. ప్రదర్శన కోసం బల్ల మీద పెట్టిన సాంఘిక శాస్త్రం పుస్తకం తీసి, పైడితల్లి కుర్చీ వెనక కింద కూర్చుని, ఒక చెవి మీది హెడ్‌ఫోను కొంచెం పక్కకు జరిపి, మొదటి పాఠం మెల్లగా చదవడం మొదలుపెట్టింది.

పిల్ల ముఖం విచ్చుకుంది. "ఇప్పుడొత్తంది," అని పైకే అంది.

కార్యదర్శిగారికి ఆనందం పట్టలేదు. కుర్చీ వెనక ఉన్న మనిషిని ఆయన చూడకపోలేదు. సాంకేతిక సిబ్బంది పరికరాల వెనక కూర్చోవడం ఎక్కడైనా ఉన్నదే అనుకున్నారు. లబ్ధిదారు పాఠాన్ని విని సంతృప్తి వ్యక్తం చేసినదని, నమూనా ఆమోదించడమైనదని అక్కడికక్కడే సంతకం చేసి కారెక్కారు.

చిక్కు మర్నాడు వచ్చింది. ఆమోదించిన నమూనా ఎలా ఉందో సరఫరా కూడా అచ్చంగా అలాగే ఉండాలన్నది ప్రభుత్వంలో కదపలేని నిబంధన. కుర్చీ నమూనాకు నాలుగు కాళ్ళుంటే మూడు కాళ్ళ కుర్చీ పంపడానికి వీల్లేదు. విశ్వపతిగారు ఆవిష్కరణ ఫోటోలు ముందేసుకుని భూతద్దంతో పరిశీలించారు. కంప్యూటరు, హెడ్‌ఫోన్లు, ప్లేయరు, కుర్చీ వెనక పుస్తకంతో హైమవతి. నాలుగూ ఉంటేనే నమూనా. హైమవతి లేకుండా పంపితే సరఫరా చెల్లదు.

ఆదిశేషయ్య ఇంత వేగంగా ఎప్పుడూ పని చేయలేదు. ఇదేమీ విదేశీ కంపెనీ కాదు, తహసీల్దారూ అక్కర్లేదు. హైమవతికి యజమాని మండలే కనుక గంటలో ఎన్‌ఓసీ వచ్చేసింది. ప్యాకేజీకి అవసరమైన భాగాల జాబితాలో ఆవిడ పేరు ఎక్కించారు. అయితే బళ్ళు పన్నెండు, హైమవతి ఒక్కతే. దీనికి పరాంకుశంగారే దారి చూపించారు. హైమవతిని ఐచ్ఛిక భాగంగా ప్రకటించారు. లబ్ధిదారు ఏ బడి పిల్లో ఆ బడికి ఐచ్ఛిక భాగంతో, మిగతా పదకొండింటికి అది లేకుండా పంపాలని ఉత్తర్వు చేశారు.

రీడరు పోస్టులు మళ్ళీ ఇస్తే సరిపోతుంది కదండీ అని హైమవతి చివరి ప్రయత్నంగా అడిగింది. పరాంకుశంగారు బాధపడ్డారు. సాంకేతికతను ఇంత దూరం తెచ్చి మళ్ళీ వెనక్కి నడవమంటారా అన్నారు.

అలా ఫిబ్రవరి ఆఖరున హైమవతి బొబ్బిలిలో రైలు దిగింది. చేతిలో ప్యాకింగ్ లిస్టు ఉంది: ప్లేయరు ఒకటి, హెడ్‌ఫోన్లు ముప్పై ఎనిమిది, ఐచ్ఛిక భాగం ఒకటి. ఎస్తేరు టీచరు అన్నీ సరిచూసుకుని, సరుకు మంచి స్థితిలో అందినదని సంతకం పెట్టి, హైమవతిని కావలించుకుంది.

మిగిలింది పద్ధెనిమిది రోజులు. పొద్దున్నే లెక్కలు, పదింటికి సామాన్య శాస్త్రం, మధ్యాహ్నం తెలుగు, సాయంత్రం సాంఘికం. హైమవతి చదవడం, ఎస్తేరు టీచరు పక్కన కూర్చుని ముఖ్యమైన చోట బల్ల మీద రెండుసార్లు తట్టడం. పిల్లలు ప్రశ్నల వర్షం కురిపించేవాళ్ళు. ఆపమంటే ఆగి, మళ్ళీ చెప్పమంటే చెప్పే ప్లేయర్ వాళ్ళకు భలే నచ్చింది. త్రికోణమితి దగ్గర ఐచ్ఛిక భాగం రెండుసార్లు తప్పు చెప్పి పిల్లల చేత చీవాట్లు తింది. జీతం తీసుకున్న ఏడేళ్ళలో తాను పనికొచ్చే పని చేస్తున్నది ఇప్పుడేనని హైమవతికి అనిపించింది. గొంతు బొంగురుపోయినా ఆనందంగా ఉంది.

పరీక్షలు ఇంకా మూడు రోజులున్నాయనగా మండలి నుంచి సర్క్యులర్ వచ్చింది. పాఠం మధ్యలో ఏం కాగితమక్కా అని పిల్లలు అడిగితే, దాన్ని కూడా పైకే చదివింది. శ్రవణామృతం పన్నెండు గురుకులాల్లోనూ విజయవంతంగా అమలవుతున్నదనీ, ఐచ్ఛిక భాగం లేని పదకొండు బళ్ళ నుంచి నేటి వరకు ఒక్క ఫిర్యాదు కూడా అందలేదనీ, ఇందుకు సిబ్బందిని అభినందిస్తున్నామనీ అందులో ఉంది.

ముందు వరసలోంచి పైడితల్లి అడిగింది.

"ఆళ్లకి ఎవులు సదువుతన్నారక్కా?"

ఎవరూ లేరమ్మా, ప్లేయర్ ఒక్కటే వెళ్ళింది అంది హైమవతి.

పైడితల్లి ఆలోచించింది. "అయితే ఆళ్లు ఇంకా అవి సెవులికి తగిలించుకునే కూకునుంటారు గావాల," అంది. "మొదలవుతాదని."

హైమవతి సర్క్యులర్ మడిచి పక్కన పెట్టి పుస్తకం తీసింది. పాఠం ఎక్కడ ఆపిందో ఆవిడకు చాలాసేపు దొరకలేదు.